కుంచెకు చెరో కొస

మొన్న మా ఆఫీసులో అందరి చేతా దుప్పటి పట్టించారు. ఎవరో పోయారనుకునేరు, అదేం కాదు. మహబూబ్‌నగర్‌లో విత్తనాల సంచుల మధ్య ప్రశాంతంగా ముసలివాళ్లమవుతున్న మా బోటివాళ్లలో ఐకమత్యం తగ్గిందని పైవాళ్లకు అనుమానం వచ్చి, హైదరాబాదు నుంచి మా అమ్మాయి ఈడు పిల్లనొకదాన్ని పంపించారు. ఆ పిల్ల మమ్మల్ని రెండు వరుసలుగా ఎదురెదురు నిలబెట్టి, మధ్యన దుప్పటి పట్టించి, దాని మీద ఒక బంతి వేసి, అది కింద పడకుండా ఈ చివర నుంచి ఆ చివరకు దొర్లించమంది. మా గోదాములో ఉన్న మోకాళ్లన్నీ ఒక్కసారిగా టపటపమన్న చప్పుడుకు బయట వేపచెట్టు మీది కాకులు లేచిపోయి మళ్లీ సాయంత్రానికి గానీ తిరిగి రాలేదు. బంతి సంగతంటారా, అది మొదటి క్షణంలోనే మా మేనేజరుగారి కాళ్ల సందులోంచి పారిపోయింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ రెండు వైపులా మనుషులు, మధ్యలో బిగుతుగా పట్టిన బట్ట, ఎదుటివాడి చెయ్యి ఎటు కదులుతుందోనని చూసే చూపు, ఇవన్నీ కలిసి నా ప్రాణాన్ని ఎత్తుకుపోయి నారాయణపేటలో మా మగ్గాల వీధిలో కూర్చోబెట్టాయి. ఆ రోజంతా మళ్లీ ఆఫీసుకు రాలేదది.

తెలంగాణ వచ్చిన కొత్తల్లో సంగతి. మీలో చాలామందిలాగే నాకూ ఉద్యోగమనేది నెత్తి మీది వెంట్రుకలు సెలవు తీసుకోవడం మొదలుపెట్టాకే దొరికింది. మా వీధి చేనేత సంఘంలో సూపర్‌వైజరు పని. సూపర్‌వైజరు అనే మాట వినడానికి గంభీరంగా ఉంటుంది గానీ, నేను ఎవరి మీదైనా కళ్లెర్రజేయబోతే ఆ మనిషి నాకు వరసకు పెద్దమ్మో మేనమామో అయ్యేవాళ్లు కాబట్టి, ఆ కళ్లను అలాగే ఆకాశం వైపు తిప్పి ఎండెలా ఉందో చూస్తున్నట్టు నటించడమే నా ఉద్యోగధర్మంగా ఉండేది.

చూడనివాళ్లు మగ్గమంటే ఒంటిచేతి పని అనుకుంటారు. మగ్గం మీద కూర్చునేది ఒక్కరే, నిజమే. కానీ దాని మీదికి ఎక్కే పడుగు, అంటే చీర పొడవునా సాగే నిలువు దారాలు, వీధికి వీధి లేస్తే గానీ తయారయ్యేవి కావు. తెల్లవారుతూనే ఆ దారాలను వీధి పొడవునా వెదురుకర్రల మీద సాగదీసి కట్టి, గంజి పట్టించి, ఎండ ముదిరేలోగా కుంచెతో దువ్వాలి. ఆ కుంచె మామూలుది కాదు, మా చిన్నాయన మీసమంత ఉండేది, అంటే ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకుంటే గానీ లేచేది కాదు. పడుగుకు ఆ వైపున ఒకరు, ఈ వైపున ఒకరు నిలబడి, అడుగులో అడుగు, ఊపిరిలో ఊపిరి కలిపి నడుస్తూ దువ్వాలి. ఒకరు కాస్త ఎక్కువ లాగినా, ఒకరి మనసు కాస్త ఇంటి వైపు మళ్లినా, దారాలు పుటుక్కుమనేవి. తక్కినవాళ్లంతా వెంట నడుస్తూ తెగినదాన్ని తెగినట్టు అతకాలి. మా అక్క చెయ్యి దారం అతికితే ఎక్కడ తెగిందో ఆ దారానికే జ్ఞాపకం ఉండేది కాదు.

ఆ కుంచెకు మా వీధిలో పేరుపడ్డ జోడీ మా చిన్నాయన, మా బావ. మా నాయిన మా చిన్నప్పుడే పోతే మమ్మల్ని పెంచింది చిన్నాయన. అక్క పెళ్లిలో పీటల మీద కూర్చుని, పళ్లెంలో బావ కాళ్లు కడిగి కన్యాదానం చేసిందీ ఆయనే. బావది మా ఎదురిల్లు. పెళ్లికొడుకు ఊరేగింపు ఒక గుమ్మంలోంచి ఎదురు గుమ్మంలోకి రావలసింది, దూరం మరీ చిన్నబోతుందని బ్యాండువాళ్లు ఊరంతా తిప్పి తెచ్చారు. అప్పటినుంచి ఈ మామా అల్లుళ్లు కుంచె పట్టుకుని నడుస్తుంటే, కళ్లు మూసుకుని వినేవాడికి ఒక్క మనిషే నడుస్తున్నాడనిపించేది. పొరుగూళ్లవాళ్లు సద్దులు కట్టుకుని వచ్చి చూసేవాళ్లంటే మీరు నమ్మరు, నమ్మకండి, కానీ ఒకాయన మాత్రం మక్తల్ నుంచి నిజంగానే వచ్చాడు.

ఇంత కలిసిరావడానికి ఊరికే చేతులు చాలవు కదా, దానికి మాకు రెండు పద్ధతులుండేవి. మొదటిది బెల్లం. కుంచె ఎత్తేముందు చిన్నాయన మొదటి దారానికి పసుపు రాసి దండం పెట్టాక, ఎదురెదురు నిలబడ్డవాళ్లు పడుగు మీదుగా చెయ్యి చాచి ఒకరి నోట్లో ఒకరు చిటికెడు బెల్లం పెట్టాలి. ఎవరి బెల్లం వాళ్లు తినకూడదు, అంతే నియమం. రెండోది పచ్చీసు. గంజి పట్టిన పడుగు ఎండేదాకా చేసే పనేమీ ఉండదు కాబట్టి, చిన్నాయన ఇంటి బండల అరుగు మీద సుద్దతో గీసిన గళ్లలో గవ్వలాట సాగేది. కుంచెకు ఎదురెదురు నిలబడినవాళ్లు ఆటలోనూ ఎదురెదురే. ఓడినవాళ్ల ఇంట్లోంచి అందరికీ చాయ్ రావాలి. పొద్దున్నుంచీ ఎదుటివాడికి అనుగుణంగా నడిచి నడిచి లోపల పేరుకున్న పౌరుషమంతా ఆ గళ్లలో ఖాళీ చేసుకుని, మళ్లీ మెత్తబడి ఇళ్లకు పోయేవాళ్లు. ఇదంతా మనుషుల్ని కలపడానికి పెట్టిన ఉపాయమని అప్పట్లో మాలో ఎవరికీ తెలియదు, చాయ్ కోసమనే అనుకునేవాళ్లం.

ఆ ఆటే కొంప ముంచింది. బతుకమ్మ పండుగ ఇంకా నెలుందనగా ఒక పూట, చిన్నాయన కాయ పండి నడిమి గడిలోకి చేరడానికి ఒక్క పందెం దూరంలో ఉంది. ఆయన గవ్వలు గలగలలాడించి వేసిన తీరుకు భూమి కంపించిందనే చెప్పాలి. అన్నీ పద్ధతిగానే పడ్డాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్క గవ్వా దొర్లుకుంటూ పోయి రెండు బండల మధ్య సందులో ఇరుక్కుని, వెల్లకిలా కాకుండా, బోర్లా కాకుండా, పోలీసువాడిలా నిటారుగా నిలబడింది. వెల్లకిలే అన్నాడు చిన్నాయన. బోర్లాయే అన్నాడు బావ. అంతవరకూ సరదాయే. వీధంతా మూగింది, నేలకు చెంపలానించి చూసినవాళ్లున్నారు, అద్దం తెచ్చి పెట్టినవాళ్లున్నారు. మా అవ్వ కళ్లజోడు లేకుండానే తీర్పు చెప్పబోయింది. గవ్వను మాత్రం ఎవరూ ముట్టుకోరాదని చిన్నాయన చుట్టూ సుద్దగీత గీశాడు. ఆ గీతకు గౌరవం ఇవ్వనిది ఒక్క మేకపిల్ల. అది తాపీగా వచ్చి, గవ్వను కాలితో తన్ని, సుద్దను కాస్త నాకి వెళ్లిపోయింది.

సాక్ష్యం పోయాక మిగిలేవి మాటలే కదా. బావ నోరు జారి, చిన్నాయన గవ్వలు వేసి కాదు, వయసును చూపించి గెలుస్తాడని అన్నాడు. చిన్నాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లోపలికి పోయాడు. ఆ రోజు మొట్టమొదటిసారి మా వీధిలో పడుగు ఎండింది గానీ చాయ్ రాలేదు.

మర్నాడు పొద్దున పడుగు మీదుగా రెండు చేతులూ బెల్లంతో లేచాయి, మధ్యదాకా వచ్చాయి, అక్కడ ఆగాయి. తర్వాత ఎవరి చెయ్యి వాళ్ల నోటివైపే తిరిగింది. ఎవరి బెల్లం వాళ్లు తిన్నారు. కుంచె లేచింది, నాలుగడుగులు పడ్డాయో లేదో పడుగు పొడవునా దారాలు పేలాల్లా తెగడం మొదలైంది. అక్క ఆ చివరకూ ఈ చివరకూ పరుగెత్తి పరుగెత్తి అతికింది, ఒకటి అతికితే పది తెగాయి. ఎండ మాత్రం ఎవరి తగవూ పట్టించుకోకుండా టైముకు ఎక్కింది. గంజి బిగుసుకుని, పడుగంతా చింపిరి జడలా అయిపోయింది. వేరే జోడీలను పెట్టి చూశాం. ఒక జోడీలో ఒకాయన ఒంటె, ఇంకొకాయన బాతు. ఇంకో జోడీ అడుగు కలవక వీధి చివరికి చేరేసరికి చెరో రైలు ఎక్కినవాళ్లలా కనిపించారు. పడుగు లేకపోతే మగ్గం లేదు, మగ్గం లేకపోతే బావ ఇంట్లో పొయ్యి లేదు. పాలమూరులో, అంటే ఈ మహబూబ్‌నగర్‌లోనే, బావ వాళ్ల అన్నకు బట్టల దుకాణం ఉంది, ఎప్పటినుంచో రమ్మంటున్నాడు. ఒకరోజు బావ అన్నం ముందు కూర్చుని, నేను వింటుండగానే అక్కతో అన్నాడు.

"దసరా దాక చూస్త. మామ నోట్లకెళ్లి ఒక్క మాట రాకపోతే, మనం పాలమూరు పోదాం."

అక్క బావ విస్తరిలో మళ్లీ మళ్లీ అన్నం వడ్డిస్తూ పోయింది, ఆయన చాలనే మాట కూడా మరిచి తింటూ పోయాడు. మీకు చెప్పాలి, పొద్దున లేస్తే ఎదురు గుమ్మంలో అక్క కనబడడమనేది నాకు సూర్యోదయం కన్నా ఖాయమైన సంగతి. అది పోతుందంటే ఏం చేయాలో తోచలేదు.

సరిగ్గా అప్పుడే, పాలు విరిగినప్పుడే చుట్టాలొచ్చినట్టు, నన్ను మహబూబ్‌నగర్‌లో ఒక శిక్షణకు పంపించారు. మనుషుల్లో జట్టుతనం పెంచాలంటే ఆటలాడించాలని అక్కడొకాయన చెప్పాడు. నేను దివ్యాస్త్రం దొరికినవాడిలా తిరిగొచ్చి, సంఘం ఆవరణలో కుర్చీలాట పెట్టాను. పాట ఆగినప్పుడల్లా పెద్దమనుషులు కుర్చీల మీద పడ్డ తీరుకు రెండు కుర్చీలు, ఒక పంచె ప్రాణాలు విడిచాయి. వీధంతా నవ్వీ నవ్వీ కడుపులు పట్టుకుంది. దేవుడి లీల ఏమో గానీ, చివరికి ఒక్క కుర్చీ, దాని చుట్టూ చిన్నాయన, బావ మిగిలారు. నేను పాట ఆపాను. ఇద్దరూ ఆగారు. ఎదుటి మనిషితో కుర్చీ కోసం పెనుగులాడడం ఇద్దరికీ నామోషీ. చిన్నాయన తూర్పుకు, బావ పడమరకు నడిచి వెళ్లిపోయారు. ఆ కుర్చీలో మా అవ్వ వచ్చి కూర్చుని, గెలుపు తనదేనని ప్రకటించి, బహుమతి ఇచ్చేదాకా లేవలేదు.

ఇక మిగిలింది దసరా ఒక్కటే. జమ్మి రోజున మా దగ్గర పలకరింపులు లేనివాళ్లు కూడా జమ్మాకు చేతిలో పెట్టి, బంగారమని చెప్పి కావలించుకుంటారు. ఆ పూట ఆకు ఇస్తే కాదనేవాడు మా తాలూకాలోనే పుట్టలేదు. అందుకని వీధంతా ధైర్యంగానే ఉంది. ఆ ధైర్యంతోనే, ఎవరూ ఎవరికీ చెప్పకుండా, ఎవరికి వాళ్లే ఒక పుణ్యకార్యం చేశారు. చిన్నాయన దగ్గరికి పోయి, నీ అల్లుడు జమ్మి పట్టుకుని నీ ఇంటికే వస్తున్నాడని చెవిలో వేశారు. బావ దగ్గరికి పోయి, మీ మామే నీ గుమ్మానికి వస్తున్నాడని చెప్పారు. పూలమ్మే ఆమె చెప్పింది, చాయ్ కొట్టు ఆయన చెప్పాడు, అవ్వ ఇద్దరికీ రెండేసిసార్లు చెప్పింది. ఆఖరుకు చిన్నమ్మ కూడా, తన మొగుడు వస్తున్నాడని బావకు కబురంపింది. వాళ్లందరి మనసులూ వెన్నలాంటివి. వెన్నతో దారి మెత్తితే నడిచేవాళ్లు జారతారని మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఫలితమేమిటంటే, ఇద్దరూ జమ్మి చెట్టు దగ్గర మొక్కీ మొక్కక ముందే ఇళ్లకు పరుగెత్తుకొచ్చి, కొత్త పంచెలు సర్దుకుని, దోసిట్లో జమ్మాకుతో ఎవరి అరుగు మీద వాళ్లు కూర్చున్నారు. వచ్చేపోయేవాళ్లందరినీ కావలించుకుంటున్నారు, కావలించుకుంటూనే వాళ్ల భుజాల మీదుగా ఎదురు అరుగు వైపు చూస్తున్నారు. పొద్దు వాలుతోంది. అక్క ఆగలేక వీధి దాటి చిన్నాయన ముందు నిలబడింది.

"చిన్నాయినా, లేసి జర రెండడుగులు వెయ్యరాదు. నీకు మొక్కుత."

"నాకేం కోపం లేదు బిడ్డా," అన్నాడు చిన్నాయన. "అల్లుడొస్తుండని గల్లీ అంత చెప్పిండ్రు. వచ్చేటాయనకు నేను ఎదురువోతే, ఆయన వచ్చిన విలువేముంటది? గాయన మర్యాద నేనే తీసినట్టు గాదా?"

నేను బావ దగ్గరికి ఉరికాను. ఆయనా శాంతంగానే ఉన్నాడు, ఇంకా చెప్పాలంటే పెళ్లినాటి కళతో ఉన్నాడు.

"ఆగు బావమరిదీ. పెద్దమనిషి నా గుమ్మం తొక్కవోతుండు. గాయన వచ్చేటాళ్లకు నేను ఇంట్ల లేకపోతే ఏం బాగుంటది?"

ఎవరు ముందు పోవాలో తేల్చుదామని వీధి పెద్దలు అక్కడికక్కడే కూర్చున్నారు. వయసులో చిన్నవాడు పెద్దవాడి కాళ్లు మొక్కి జమ్మి ఇవ్వాలి గనుక బావ పోవాలన్నారు సగంమంది. కాళ్లు కడిగి పిల్లనిచ్చినవాడు ఇంటి అల్లుణ్ని తన గుమ్మానికి రప్పించి మొక్కించుకుంటాడా, చిన్నాయనే పోవాలన్నారు మిగతా సగం. రెండూ నిజమే, అదే చిక్కు. ఎవరూ వస్తామని అననే లేదు, ఇదంతా మనవాళ్లు అల్లిన కథ అని చెప్పేద్దామని నేను నోరు తెరిచాను. అవ్వ నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. రానేలేని మనిషి కోసం వీధిలో అందరి ముందూ ఇంతసేపు కూర్చున్నానా అని ఇద్దరూ ఇంకా కుంగిపోతారంది. చెబితే ఒక తప్పు, చెప్పకపోతే ఒక తప్పు. నేను వీధి మధ్యలో, ఎటు తిరిగినా వీపు ఎవరో ఒకరి వైపు ఉండేలా నిలబడిపోయాను. కోపం కాదండీ వాళ్లను కూర్చోబెట్టింది. మర్యాద. కోపమైతే ఎవరైనా కాళ్లావేళ్లా పడి తగ్గించేవాళ్లం, మర్యాదను తగ్గించమని ఎవర్ని అడుగుతాం?

దీపాల వేళకు బావ చేతిలోని జమ్మాకు వాడి ముడుచుకుపోయింది. ఆయన దాన్ని పారేయకుండా చొక్కా జేబులో పెట్టుకుని లోపలికి పోయాడు. వస్తానని చెప్పి మామ రాలేదని ఆయన మనసులో పడింది. అల్లుడు మాట ఇచ్చి తప్పాడని చిన్నాయన మనసులో పడింది. నిలబడ్డ గవ్వ కన్నా అది పెద్ద దెబ్బ.

ఆ వారంలోనే బావ పాలమూరులో కిరాయికి ఇల్లు మాట్లాడి, బండి తెచ్చాడు. దుకాణంలో పనికి మగ్గమెందుకని బావ వాళ్ల అన్న వారించినా, అక్క మాత్రం మగ్గం రాకపోతే తానూ రానంది. మాది గుంట మగ్గం, అందుకని గుంట తప్ప అన్నీ విప్పి వీధిలో పెట్టారు. బట్ట చుట్టుకునే దుంగ దగ్గరికొచ్చేసరికి పని ఆగింది. అది మూడు తరాల నాటి టేకు, ఏనుగు కూడా ఒకసారి ఆలోచించుకుని ఎత్తేంత బరువు. బావ ఒక కొస ఎత్తుతున్నాడు, రెండో కొసకు నేను పోయి నా నడుముకు ద్రోహం చేసుకోబోతున్నాను. అప్పుడు చిన్నాయన అరుగు దిగి, వీధి దాటి వచ్చి, నన్ను మోచేత్తో పక్కకు జరిపాడు.

"అల్లుడా, గా కొస నువ్వు పట్టు."

నెలన్నర కిందటి నుంచి మేమంతా దేవుళ్లకు మొక్కిన ఒక్క మాట అది. బావ దుంగ కింద చేతులు సర్దుకున్నాడు.

"పట్టిన మామా. జర మెల్లగ."

ఇద్దరూ లేపారు. దుంగ గాలిలో తేలినట్టు కదిలింది. అడుగులో అడుగు, ఊపిరిలో ఊపిరి, అదే నడక. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇప్పుడు ఎవరో ఒకరు దించండి అంటారని నేను ఎదురుచూశాను. అక్క నా వైపు చూసింది, నేను చిన్నమ్మ వైపు చూశాను, చిన్నమ్మ అవ్వ వైపు చూసింది. ఇల్లు మాట్లాడేశారు, అన్నగారు దుకాణం దగ్గర ఎదురుచూస్తున్నాడు, బండివాడు హారన్ కొడుతున్నాడు. అప్పటికే మాట దాటిపోయిందని అందరికీ అనిపించి ఎవరూ నోరు తెరవలేదు. దుంగ బండిలోకి చేరింది. ఒక్క గీత పడకుండా, ఒక్క తాడు బిగువు తప్పకుండా, వాళ్లిద్దరూ కలిసి ఆ ఇంటిని ఎంత చక్కగా ఖాళీ చేశారో చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు, పెంచి చెప్పే అలవాటున్న నాకే లేవు.

తర్వాత నేనూ బతుకుతెరువు వెతుక్కుంటూ ఈ విత్తనాల గోదాముకే వచ్చిపడ్డాను. అక్క ఇల్లు నాకు పక్క బస్తీయే. కిరాయింట్లో జాగా లేక మగ్గం ఇంకా మిద్దె మీద రేకుల కిందే ఉంది. మామా అల్లుళ్లు ఇప్పుడు ఫోన్‌లో గంటలకొద్దీ మాట్లాడుకుంటారు, ఒకరి మోకాళ్ల నొప్పులు ఒకరికి కంఠతా వచ్చు. ఒక్క పొల్లుమాట లేదు వాళ్ల మధ్య. మా వీధికి సిమెంటు రోడ్డు పడింది. పడుగులు ఎక్కడో తయారై, చుట్టలు చుట్టుకుని ఆటోలో వస్తాయి. మగ్గం నడిపే నాలుగిళ్లవాళ్లూ తలుపు తీసి, పడుగు దింపుకుని, తలుపు వేసుకుంటారు. పోయినసారి వెళ్లినప్పుడు, వీధి ఇంత నిశ్శబ్దంగా ఉందేమిటి, తగాదాలేమైనా ఉన్నాయా అని చిన్నమ్మను అడిగాను. ఆమె చాట పక్కన పెట్టి, ఎవల పని వాల్లది బిడ్డా, పంచాయితీలెందుకుంటయి అంది, అదేదో మంచి కబురైనట్టు.

నిజమే. ఒకరి మీద ఒకరికి కోపం రావాలన్నా, ముందు ఇద్దరూ ఒకే పడుగుకు ఆ వైపూ ఈ వైపూ నిలబడి ఉండాలి కదా.